తెగిన టెండన్‌కు కుట్టు: ఒక పాత భయం, ఒక కొత్త పాఠం

చేతికి లోతైన గాయమైతే మనవారు "నరం తెగింది" అంటారు. రక్తనాళమైనా, నాడి అయినా, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ అయినా జనవ్యవహారంలో అన్నీ నరాలే. ప్రాచీన గ్రీకులకూ ఈ చిక్కు ఉండేది. 'న్యూరాన్' అనే ఒకే మాట నాడికీ, టెండన్‌కూ చెల్లేది. టెండన్‌ను సూదితో గుచ్చితే మూర్ఛలు వస్తాయన్న భయం, గాలెన్ రచనల ప్రభావంతో యూరపులో శతాబ్దాల పాటు నిలిచింది. కుట్టవచ్చునని ఇబ్న్ సీనా (980–1037) చెప్పినా ఆ భయం తొలగలేదు.

1752లో గోటింగెన్ ఆచార్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ జంతువుల టెండన్లను గుచ్చి, కోసి పరీక్షించాడు. అవి బాధ కనబరచలేదు. కుట్టుకు దారి తెరుచుకుంది.

అయితే కుట్టడం వేరు, వేలు మళ్ళీ వంగడం వేరు. వేలిలోని ఇరుకు తొడుగులో రెండు టెండన్లు కదులుతాయి. అక్కడ కుట్టినది చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి వేలు బిగిసేది. అమెరికన్ శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఆ ప్రాంతాన్ని ఎవరూ అడుగుపెట్టరాని నేలగా పేర్కొన్నాడు.

1941లో మేసన్, అలెన్ కుక్కలపై చేసిన ప్రయోగాలలో, కుట్టిన చోటు తొలి రోజుల్లో మరింత బలహీనపడి, ఆ తరువాతే బలం పుంజుకుంటుందని తేలింది. అందుచేత కదలిక మాన్పించారు, వేళ్ళు బిగిశాయి. మరి కదిలించినా తెగని కుట్టు ఏది? 1975లో అర్బానియాక్ బృందం కుక్కల టెండన్లపై పలు కుట్ల బలాన్ని కొలిచి పోల్చింది. పోగుల వెంట సాగే సాదా కుట్టు జారిపోతుంది. కెస్లర్ పద్ధతిలా పోగులను ఒడిసిపట్టేది మెరుగ్గా నిలుస్తుంది. కోతను దాటే దారాలు పెరిగినకొద్దీ బలమూ పెరుగుతుంది. 1985లో సావేజ్ ఆరు దారాల కుట్టును ప్రతిపాదించాడు. 1980ల్లో గెల్బర్‌మన్ బృందం, మితంగా కదిలించిన కుక్కల టెండన్లు, కట్టివేసినవాటికంటే బలంగా, సాఫీగా మానాయని చూపింది.

కుక్క కాలు మనిషి చేయి కాదు. ఆ ఫలితాలను రోగులపై అనుభవంతో సరిచూసుకోవలసి వచ్చింది. అయినా నేడు మన చేయి పిడికిలి బిగించగలిగితే, అందులో ఆ మూగజీవాల రుణం ఉంది.

పాఠకులు గుర్తుంచుకోవలసినది ఒక్కటే. గాయం చిన్నదైనా వేలు వంగకపోతే పైచర్మం కుట్టించుకుని ఊరుకోరాదు; చేతి శస్త్రవైద్యుణ్ణి వెంటనే సంప్రదించాలి. శస్త్రచికిత్స తరువాత వైద్యులు చెప్పిన మేరకే వేలిని కదిలించాలి. అతిగా కదిలిస్తే కుట్టు తెగుతుంది. అసలే కదిలించకపోతే వేలు బిగుస్తుంది.