ఆజ్ఞ ఏది, అభిప్రాయం ఏది? కర్నూలు, కడప క్రైస్తవుల నిత్యజీవిత ప్రశ్నలూ సంఘాల జవాబులూ

సారాంశం

కర్నూలు, కడప సీమలో సుమారు రెండు వందల ఏళ్లుగా క్రైస్తవ సంఘాలు విశ్వాసుల ప్రశ్నలకు జవాబు చెబుతూ వస్తున్నాయి. మేనకోడలిని పెళ్లాడవచ్చా, జాతరలో తప్పెట కొట్టవచ్చా, సర్టిఫికెట్‌లో ఏ మతం రాయించాలి వంటి ప్రశ్నలు ఇక్కడ సిద్ధాంతాన్నీ బతుకునూ ఒకేసారి తడుముతాయి. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి జవాబిస్తూ ప్రభువు ఆజ్ఞకూ తన సొంత అభిప్రాయానికీ మధ్య గీత గీశాడు. ఈ సీమలో ఆ గీత ఎక్కడ నిలిచిందో, ఎక్కడ చెరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ప్రశ్న ఎటునుంచి వస్తుంది

లండన్ మిషన్ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాల్లో ఆంగ్లికన్ మిషన్ అయిన ఎస్.పి.జి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల కేంద్రాలుగా విస్తరించింది. 1870లలో అమెరికన్ బాప్టిస్టులు కర్నూలు చేరారు. మొదటి రెండు మిషన్లలో చేరినవారు ప్రధానంగా మాలలు, బాప్టిస్టుల దగ్గర చేరినవారు ప్రధానంగా మాదిగలు. ఊళ్లో బడి నడిపి, ఆదివారం ప్రార్థన చేయించిన ఉపదేశులే ఈ సంఘాలను నిలబెట్టారు.

ఉపదేశి చేతికి మిషన్ ఇచ్చిన పనిముట్టు ప్రశ్నోత్తర రూపంలోని బోధ. ఆంగ్లికన్ ప్రశ్నోత్తరిలో మొదటి ప్రశ్న నీ పేరేమిటని, రెండోది ఆ పేరు పెట్టినదెవరని. అందులో ప్రశ్న సంఘానిది, జవాబు కూడా సంఘానిదే. నేర్చుకునేవాడు రెండింటినీ వల్లె వేస్తాడు. కూలికి పోయివచ్చిన మనిషి రాత్రిపూట అరుగు మీద కూర్చుని ఉపదేశిని అడిగేవి వేరు. వాటికి అచ్చయిన జవాబు లేదు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఈ రెండో రకానికి చెందింది. ఏడో అధ్యాయం మొదట్లోనే, మీరు రాసి అడిగిన సంగతులకు వస్తున్నానని పౌలు చెప్పుకున్నాడు. భార్యాభర్తల ఎడబాటు గురించి చెప్పేటప్పుడు ఇది ప్రభువు ఆజ్ఞ అన్నాడు. అవిశ్వాసితో కాపురం దగ్గరికి వచ్చేసరికి ఇది ప్రభువు మాట కాదు, నా మాట అన్నాడు. పెళ్లికాని కన్యల విషయంలో తనకు ఆజ్ఞ ఏదీ అందలేదని ఒప్పుకుని, సొంత తాత్పర్యం చెప్పాడు. ఒక అపొస్తలుడే ఇంత జాగ్రత్తపడితే, ఉపదేశికీ పాస్టరుకూ బిషప్పుకూ ఆ జాగ్రత్త ఇంకా అవసరం. ఈ కొలతతోనే కింది సందర్భాలను చూద్దాం.

2. మేనరికం

రాయలసీమ కుటుంబంలో అక్క కూతురిని తమ్ముడికి ఇవ్వడం వింత కాదు. భూమి చేయి దాటదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది, కట్నం భారం తగ్గుతుంది. క్రైస్తవులైనంత మాత్రాన ఈ లెక్కలు మారలేదు. అయితే ఆంగ్లికన్ ప్రార్థనల పుస్తకం వెనుక అచ్చయ్యే నిషిద్ధ సంబంధాల పట్టికలో అన్నదమ్ముల కూతురు, అక్కచెల్లెళ్ల కూతురు ఇద్దరూ ఉన్నారు. 16వ శతాబ్దపు ఇంగ్లండులో రూపొందిన ఆ పట్టిక నంద్యాల దాకా వచ్చింది. దాని ప్రకారం మేనబావా మేనమరదళ్లకు అడ్డు లేదు, మేనమామా మేనకోడళ్లకు ఉంది.

విశ్వాసి ప్రశ్న సూటిగా ఉంటుంది: "అయ్యగారూ, అక్క కూతుర్ని చేసుకోవద్దని బైబిల్లో యాడుంది?" వెతికితే జవాబు తేలిక కాదు. లేవీయకాండము 18వ అధ్యాయం మేనత్తనూ పినతల్లినీ నిషేధించింది. మేనకోడలి పేరు అక్కడ రాలేదు. ఆదికాండము 11వ అధ్యాయంలో నాహోరు తన అన్నదమ్ముడైన హారాను కూతురు మిల్కాను పెళ్లాడాడు. యాకోబు చేసుకున్నది స్వయానా మేనమామ లాబాను కూతుళ్లను. ఆ కథ చదివే సీమ మనిషికి వ్యాఖ్యానం అక్కర్లేదు, అది వాళ్లింటి సంబంధమే. నిషేధించినవారి వాదం కూడా తీసివేయదగ్గది కాదు. మేనత్త, మేనల్లుడు కూడదన్నప్పుడు అంతే దూరంలో ఉన్న మామాకోడళ్లు మాత్రం ఎలా కుదురుతారన్నది ఆ వాదం. కానీ అది వాక్యం నుంచి తీసిన అనుమితి, వాక్యం కాదు.

రోమన్ కాథలిక్ శాసనం ఈ తేడాను బాహాటంగా గుర్తించింది. 1983 నాటి కానన్ చట్టం రక్తసంబంధంలో పక్కవరుస నాలుగో అంతరం వరకు వివాహాన్ని అడ్డుకుంటుంది. ఆ లెక్కన మామాకోడళ్లది మూడో అంతరం, బావామరదళ్లది నాలుగోది. రెండో అంతరానికి, అంటే తోడబుట్టినవారికి, మినహాయింపు ఎప్పటికీ లేదు. మూడు, నాలుగు అంతరాలకు తగిన కారణం ఉంటే మినహాయింపు ఇవ్వవచ్చు. కర్నూలు కాథలిక్ మేత్రాసనం 1967లో, కడపది 1976లో ఏర్పడ్డాయి. ఒకే వీధిలో ఉన్న రెండు క్రైస్తవ కుటుంబాల్లో ఒకరికి ఈ పెళ్లి అసలే కుదరదు, ఇంకొకరికి అనుమతి పత్రంతో కుదరవచ్చు. దేవుని ఆజ్ఞ అయితే వీధికి ఆ చివర ఒకలా, ఈ చివర ఒకలా ఉండదు.

అదే ఆంగ్లికన్ పట్టికలో చనిపోయిన భార్య చెల్లెలూ నిషిద్ధమే. తల్లిలేని పిల్లల కోసం మరదలిని చేసుకోవడం మన పల్లెల్లో మంచిపనిగా చెల్లుతుంది. 1907లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి ఇంగ్లండులో ఆ పెళ్లికి దారి ఇచ్చింది. పార్లమెంటు ఓటుతో సడలిన నియమాన్ని దైవాజ్ఞ అని బోధించడం కష్టం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కూడా సొంత జాబితా ఏదీ ఇవ్వకుండా, పక్షాల వ్యక్తిగత చట్టం కాదన్న పెళ్లిని తాను చెల్లుబాటు చేయబోనని 88వ సెక్షన్‌లో చెప్పి ఊరుకుంది.

ఇంతకీ మేనకోడలిని చేసుకోవచ్చని సంఘం చెప్పాలా? చెప్పనక్కర్లేదు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు జన్యులోపాల ముప్పు ఎక్కువ. ఇంట్లోనే కుదిరిన సంబంధంలో పిల్ల వయసునూ ఇష్టాన్నీ అడిగేవారు తక్కువ. ఈ రెండు కారణాలు చెప్పి వద్దనవచ్చు. అది గట్టి సలహా, కారణాలతో సహా విశ్వాసి తూచుకోగల సలహా. పట్టిక చూపించి ఇదే వాక్యమంటే, లేవీయకాండము చదివినవాడు రేపు మిగతా వాక్యాన్నీ నమ్మడు.

3. తప్పెట, జాతర పాలు

గ్రామదేవత జాతరలో మాల, మాదిగలకు వంశపారంపర్య బాధ్యతలు ఉండేవి. తప్పెట మోగించడం, దున్నపోతును నరకడం, ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లడం అలాంటివి. బదులుగా మాంసంలో పాలు, కళ్లంలో గింజలు, కొన్నిచోట్ల ఇనాం నేల దక్కేవి. బాప్తిస్మం పొందినవాడు ఈ పని మానితే దేవతను మాత్రమే కాదు, ఊరి రెడ్డినీ కరణాన్నీ కాదన్నట్టే. చేస్తే సంఘ క్రమశిక్షణ ఎదురవుతుంది.

విగ్రహార్పిత మాంసం గురించి పౌలు మూడు మాటలు చెప్పాడు. కటికవాని అంగడిలో అమ్మేదాన్ని విచారించకుండా తినవచ్చు. ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే, చెప్పినవాని మనస్సాక్షి కోసం మానాలి. విగ్రహపు పంక్తిలో మాత్రం పాలు పొందకూడదు. కొరింథులో అంగడి వేరు, గుడి వేరు కాబట్టి ఈ విభజన పనిచేసింది. సీమ పల్లెలో జాతర పాలు అంగడి నుంచి రాలేదు, భక్తితో అందుకున్న ప్రసాదమూ కాదు. అది చేసిన పనికి కూలి. పౌలు గీసిన రెండు గదుల్లో ఏదీ దానికి సరిపోదు. మిషన్లు సాధారణంగా ఈ చిక్కును పట్టించుకోకుండా మొత్తాన్ని విగ్రహారాధన కింద జమకట్టాయి.

ఇక్కడ వాక్యంలోనే మరొక సాక్ష్యం ఉంది. రాజులు రెండవ గ్రంథం 5వ అధ్యాయంలో కుష్ఠు నయమైన నయమాను ఒక మనవి చేసుకున్నాడు. తన యజమాని రిమ్మోను గుడిలో తన చేతిమీద ఆనుకుని మొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని, దాన్ని క్షమించాలని. ఎలీషా అతణ్ని తిట్టలేదు, సమాధానంతో పంపించాడు. కొలువులో ఉన్నవాని వంగుబాటుకూ భక్తుని మొక్కుకూ ప్రవక్త తేడా చూశాడు. అయితే సీమ కథ అక్కడితో ముగియదు. వెట్టి చాకిరీగా తప్పెట కొట్టాల్సిన అవసరమే పోవాలని కోరుకున్నవారూ ఆ కొట్టేవారిలోనే ఉన్నారు. వాళ్లకు సంఘం నిషేధం ఒక అండ అయింది: మా మతం ఒప్పదు అనే మాట ఊరి పెద్దలకు చెప్పడానికి పనికొచ్చింది. ఒకే నియమం ఒకరి పొట్ట కొట్టి ఇంకొకరిని చాకిరీ నుంచి విడిపించింది. కాబట్టి అడిగినవాడు ఈ పనిని వదిలించుకోవాలనుకుంటున్నాడా, దానిమీదే బతుకుతున్నాడా అని తెలుసుకోకుండా జవాబు చెప్పడం కుదరదు.

4. కరువులో విశ్వాసం

1876–78 కరువులో ఈ సీమ తీవ్రంగా దెబ్బతింది. ఆకలితో వచ్చినవాని బాప్తిస్మం నిజమైనదా అన్న ప్రశ్న అప్పుడే ముదిరింది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ కరువు పనులు నడిపినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ ఏడాది చివరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది. నాడు కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలకూ ఆ అల తాకింది.

క్లౌ నిర్ణయం వివేకవంతమైనదే, కానీ అది నిర్ణయం మాత్రమే. అపొస్తలుల కార్యములలో నమ్మినవారు ఆ రోజే బాప్తిస్మం పొందారు. రొట్టెలు తిన్నందుకే నన్ను వెదుకుతున్నారని జనసమూహాన్ని మందలించిన యేసు, అంతకుముందు రోజు వాళ్లకు కడుపునిండా పెట్టినవాడే. ఆకలిని అబద్ధానికి గుర్తుగా చూసే అలవాటు మాత్రం సంఘంలో నిలిచిపోయింది. గంజి కోసం కలిసినవాళ్లన్న నింద నేటికీ వినిపిస్తుంది.

కానుక విషయంలో సీమ సంఘాలు మెరుగైన దారి పట్టాయి. వానలేని ఏడాది దశమ భాగం దేనిలో లెక్కకట్టాలన్న ప్రశ్నకు, పొయ్యి మీద కుండ పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు తీసిపెట్టే ఆడవాళ్ల పద్ధతి జవాబైంది. కుండ పెద్దదైతే పిడికిలీ నిండుతుంది. లేనిదాన్ని బట్టి కాక ఉన్నదాన్ని బట్టే ఇవ్వడమన్న పౌలు మాటకు అది దగ్గరి ఆచరణ. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టా అన్న ప్రశ్నకు లండన్ మిషన్ వారు జమ్మలమడుగులో నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రే జవాబు. అక్కడ ప్రార్థనా, వైద్యమూ ఒకే ఆవరణలో నడిచాయి.

5. సంఘంలో పేరు, కాగితంలో మతం

ప్రశ్నోత్తరిలోని మొదటి ప్రశ్న ఇవాళ తహసీల్దారు ఆఫీసులో ఎదురవుతుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌కు పరిమితం. కోడుమూరు, నందికొట్కూరు, బద్వేలు వంటి ఎస్సీ నియోజకవర్గాల్లో వారు పోటీ చేయలేరు. 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడాన్ని తప్పుపట్టింది.

పాస్టరు దగ్గరికి ఇది పాపమా అన్న రూపంలో వస్తుంది. అననీయ, సప్పీరాల ఉదంతం చెప్పి అబద్ధం అబద్ధమేననవచ్చు. మొర్దెకై మాట విని ఎస్తేరు తన జనాన్నీ వంశాన్నీ దాచిందని గుర్తుచేయవచ్చు. రెండూ వాక్యంలోవే, కాబట్టి ఒక్కదాన్నే ఎత్తి చూపి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అబద్ధ సాక్ష్యం పలకరాదన్నది ఆజ్ఞ, దాన్ని సడలించే అధికారం పాస్టరుకు లేదు. కానీ అంటరానితనం బాప్తిస్మంతో పోలేదని తెలిసీ హోదాకు మతాన్ని ముడిపెట్టిన ఉత్తర్వు మనుషులు రాసినది, దాన్ని మార్చమని అడగవచ్చు. సంఘం తనను తానూ ప్రశ్నించుకోవాలి. మాలల చర్చి, మాదిగల చర్చి అని జనం వేరుగా పిలిచే పరిస్థితి ఉన్నంతకాలం, క్రీస్తులో కులం లేదు కాబట్టి కులం రాయించుకోవద్దని విశ్వాసికి చెప్పడంలో బరువు ఉండదు. 2008 నుంచి కర్నూలు బిషప్పుగా ఉండి హైదరాబాదు ఆర్చిబిషప్పు అయిన పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ అన్న మాటే వార్త అయింది. అంటే కులం సంఘం లోపల కూడా వార్తే.

6. నంద్యాల నేర్పేది

1947 సెప్టెంబరు 27న వేర్వేరు మిషన్ల సంఘాల ఐక్యతగా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది అందులో చేరలేదు. బిషప్పు చేతులుంచి అభిషేకించని బోధకుడు ఇచ్చే ప్రభురాత్రి భోజనం చెల్లుతుందా అన్నది వివాదంలో కీలకం. పొరుగున, 1950లో కడప కేంద్రంగా ఏర్పడిన రాయలసీమ డయోసిస్ ఐక్యతలోనే సాగింది. దాని బిషప్పు హోస్పేట సుమిత్ర 1954లో దక్షిణ ఇండియా సంఘానికి మొదటి భారతీయ మోడరేటర్ అయ్యాడు. నంద్యాల 1970ల నడిమి దాకా వేరుగానే నిలిచింది.

ఆ నంద్యాలకే 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తురాలైంది. దక్షిణ ఇండియా సంఘంలో ఆమె మొదటి మహిళా బిషప్పు. సభలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న కొరింథు పత్రిక 14వ అధ్యాయాన్ని శాశ్వతాజ్ఞగా తీసుకున్నవారు నేటికీ ఉన్నారు. అదే పత్రిక 11వ అధ్యాయం స్త్రీలు ప్రార్థించడాన్నీ ప్రవచించడాన్నీ జరుగుతున్న సంగతిగానే మాట్లాడుతుంది. ఒకప్పుడు ఎవరి చేతులు అన్న ప్రశ్న మీద ఐక్యతనే కాదన్న ప్రాంతం, రెండు తరాల్లో ఆ చేతులు స్త్రీవి కావడాన్ని చూసింది. ఆజ్ఞ మారలేదు. ఆజ్ఞగా భావించిన అభిప్రాయం మారింది.

7. నిర్ధారణ

పై సందర్భాల్లో మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, సంఘం తన నియమాన్ని దైవాజ్ఞగా చెప్పినచోట ఆ నియమం సడలిన రోజున వాక్యం విలువే తగ్గింది. మేనరికం, మరదలి పెళ్లి ఇందుకు రుజువు. రెండోది, కొరింథు జవాబును ఊరి ఆర్థిక సంబంధాలు చూడకుండా యథాతథంగా దించినచోట అది ప్రశ్నను తాకలేదు. జాతర పాలు అలాంటిది. మూడోది, జవాబుకు కట్టాల్సిన మూల్యం ఎప్పుడూ అడిగినవాడిదే. పని మానుకున్నదీ, హోదా పోగొట్టుకున్నదీ, సంబంధం వదులుకున్నదీ అతడే.

కాబట్టి సీమ పాస్టర్ల శిక్షణలో ప్రశ్నోత్తరితో పాటు కొరింథు పద్ధతి కూడా అభ్యాసం కావాలి. ప్రతి జవాబులోనూ ఇది వాక్యం, ఇది మా సంఘ నియమం, ఇది నా ఆలోచన అని మూడింటినీ విడదీసి చెప్పాలి. నియమమైతే దాని పుట్టుక చెప్పాలి, మినహాయింపు ఉంటే దాచకూడదు. అలా చెప్పిన పాస్టరుకు అధికారం తగ్గుతుందన్న భయం ఉంటుంది. నాకు ఆజ్ఞ అందలేదని రాసిన పౌలు మాటను సంఘం రెండు వేల ఏళ్లుగా లేఖనంగానే చదువుకుంటున్నది.