మన చెవికి తెలుగు నేర్పినవాళ్ళు



చూలైలో పెరిగి తమిళ బడిలో చదువుకున్న మాలాంటివాళ్ళకు తెలుగు పుస్తకాల వల్ల రాలేదు, చెవి వల్ల వచ్చింది. ఇంట్లో అమ్మ మాట, బయట సినిమా మాట. 1957 నాటి ‘మాయాబజార్’ డైలాగులు ఇప్పటికీ అక్షరం పోకుండా చెప్తాం. అంత స్పష్టంగా మా చెవిన వేసిందెవరని మాత్రం ఎన్నడూ అడగలేదు. తెర మీద ఆ పేర్లు పడేసరికి మనం ఇంకా సీటు వెతుక్కుంటూ ఉంటాం కదా!

ఆ పేర్లు ఏ. కృష్ణన్, వి. శివరాం. వడపళని వాహినీ స్టూడియోలో సౌండు విభాగానికి కృష్ణన్‌గారు పెద్ద. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకున్న ఒక కుర్రవాడు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ కుర్రవాడే తరువాత ‘శంకరాభరణం’ తీసిన కె. విశ్వనాథ్‌గారు. ఆ సినిమాలో ప్రతి చిన్న చప్పుడూ ఎందుకంత శుభ్రంగా వినిపిస్తుందో అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

టేపు రాకముందు ఆ పని చాలా కష్టం. శబ్దాన్ని వెలుగుగా మార్చి ఫిల్ము మీద పట్టేవారు. ల్యాబులో కడిగితే తప్ప అది ఎలా వచ్చిందో వినడానికి లేదు. హెడ్‌ఫోనులో విని, మీటరు ముల్లు చూసి, టేకు బాగుందో లేదో అక్కడికక్కడే చెప్పాలి. పొరపాటు చెప్తే ఫిల్మూ, ఆర్టిస్టుల కాల్షీటూ దండగే. బోర్డు మీద రాస్తే వచ్చే విద్య కాదది, పెద్దవాళ్ళ పక్కన నిలబడి వినాలి.

ఈ విద్య మన పేటకు దూరమేమీ కాదు. 1934లో ఏ. నారాయణన్‌గారు శ్రీనివాస సినీటోన్ పెట్టింది మనకు దగ్గరున్న పూనమల్లి హైరోడ్డులోనే. అక్కడ రికార్డింగు చేసింది ఆయన భార్య మీనా. మన దేశంలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆమేనంటారు. 1945లో ప్రభుత్వమే పాలిటెక్నిక్కులో ఈ కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు తరమణిలో ఎం.జి.ఆర్. పేరుతో ఉన్న ఫిలిం ఇన్‌స్టిట్యూట్ అదే.

చాలా ఏళ్ళ కిందట మన వీధి కుర్రవాడొకడు ఆ కోర్సులో చేరతానన్నాడు. పెద్దలం నలుగురం కూర్చుని, “సౌండు చదువూ ఒక చదువేనా? రైల్వే పరీక్ష రాయరా” అన్నాం. రాశాడు, ఉద్యోగం వచ్చింది. మా మాట నెగ్గిందని సంతోషించాం కూడా. కానీ ఉగాది సభలో మైకు కూయగానే ఇప్పటికీ మొదట లేచేది అతనే. స్పీకర్లను మైకు ముందుకు జరిపి, రెండు బటన్లు తిప్పి, మళ్ళీ వెనక కుర్చీలో కూర్చుంటాడు.

ఇప్పుడు అతని కూతురు అదే కోర్సు అడుగుతోంది. ఈసారి మేము సలహా చెప్పలేదు. మీలో ఎవరికైనా రికార్డింగు థియేటర్లో పనిచేసినవాళ్ళు తెలిసి ఉంటే, వచ్చే ఆదివారం మీటింగుకు పిలుచుకు రండి. ఆ పిల్ల వాళ్ళనే అడిగి తెలుసుకుంటుంది.