‘పడదు’ అనే మాట: వంటింటి రుచుల చరిత్ర

మన ఇళ్ళలో రోజుకు పదిసార్లయినా వినిపించే మాట ఒకటుంది: ‘పడదు’. నాన్నకు వంకాయ పడదు. అత్తయ్యకు ఉల్లి వాసన పడదు. చిన్నవాడికి పాలు పడవు. ఇంటివారికి చేపల కూర పడదు. ఈ నాలుగు వాక్యాల్లోనూ క్రియ ఒక్కటే. కాని మొదటిదాంట్లో నాలుక మాట్లాడుతున్నది, రెండవదాంట్లో కులాచారం, మూడవదాంట్లో పేగు, నాలుగవదాంట్లో ఆస్తిహక్కు. ఇన్ని రకాల నిరాకరణలను మన భాష ఒకే మూటలో కట్టివేసింది. ఆ మూట విప్పి చూడవలసిన అవసరం వుందని నేను భావిస్తున్నాను. ఎందుకంటే అది విప్పకపోవడం వల్ల రెండు విధాల నష్టం జరుగుతున్నది. సమాజం విధించిన నిషేధాన్ని శరీరధర్మంగా పొరబడుతున్నాం. శరీరం నిజంగా మొరపెట్టుకుంటే దాన్ని వేషంగా కొట్టిపారేస్తున్నాం.

చరిత్ర అంటే రాజులూ యుద్ధాలూ అనే అభిప్రాయాన్ని మనం ఏనాడో తోసిపుచ్చాం. అయినా మన చారిత్రక దృష్టి వంటింటి గడప దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతూ వుంటుంది. ‘ఎవరి రుచి వారిది’ అని చెప్పి అక్కడ చేతులు దులుపుకుంటాం. రుచికి కూడా పుట్టుక, పెంపకం, వర్గం వున్నాయని ఒప్పుకోవడం మనకే కొంత యిబ్బందిగా వుంటుంది. ఈ వ్యాసంలో నేను పుట్టి పెరిగిన సికింద్రాబాదును, మా ఇంటి పొయ్యిని ఆధారం చేసుకుని ఆ ప్రయత్నం చేస్తాను.

సికింద్రాబాదు తిండి కోసం పుట్టిన ఊరు కాదు. సైన్యం కోసం పుట్టింది. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సంధి ఫలితంగా కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగరుకు ఉత్తరాన దిగాయి. 1806లో ఆ దండు ప్రదేశానికి మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని ‘లష్కర్’ అనే పిలిచారు. పటాలం వెంట మద్రాసు వైపు నుంచి తమిళులు, తెలుగు కూలీలు, పార్శీ, మార్వాడీ, గుజరాతీ వర్తకులు వచ్చారు. 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడ రైల్వే కార్ఖానా వెలిసింది. ఆ కార్ఖానాలోనే మా నాన్న ఫిట్టరు. ఇన్ని ప్రాంతాల వాళ్ళు పక్కపక్క గోడల మధ్య వండుకుంటూ వుంటే, ఒకరి పోపు మరొకరి ముక్కుకు తగలక తప్పదు. పల్లెలో వాడకూ వాడకూ మధ్య వుండే దూరం ఇక్కడ ఒక ఇటుక మందానికి తగ్గింది. అందుచేత ‘పడదు’ అనే మాటకు ఈ ఊళ్ళో పని ఎక్కువ.

ముందుగా, రుచి అనేది తయారవుతుందని చెప్పడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. నేడు చాయ్ లేకుండా లష్కరు నిద్ర లేవదు. కాని దక్కను జనానికి చాయ్ తాతలనాటి పానీయం కానేకాదు. తేయాకు తోటల యజమానులకు దేశంలోపలే గిరాకీ కావలసివచ్చింది. 1903లో తేయాకు మీద సెస్సు విధిస్తూ చట్టం వచ్చింది. ఆ డబ్బుతో బజార్లలో, రైల్వే స్టేషన్లలో, కార్ఖానాల దగ్గర చాయ్ ప్రచారం సాగింది. వేడి చేస్తుందనీ, నరాలు దెబ్బతింటాయనీ, ఆకలి చచ్చిపోతుందనీ పెద్దలు దాన్ని తిట్టిపోశారు. అంటే చాయ్ కూడా ఒకనాడు మనకు ‘పడని’ వస్తువే. ఒకటి రెండు తరాల్లో అది పడింది. పడడమే కాదు, అది లేకపోతే తలనొప్పి వచ్చే స్థితికి చేరాం. ఉత్పత్తి వస్తువును మాత్రమే గాక, ఆ వస్తువును కోరుకునే మనిషిని కూడా తయారుచేస్తుందని మార్క్స్ 1857 నాటి రాతప్రతుల్లో గుర్తించాడు. ఇరానీ హోటలు బల్ల దగ్గర ఆ సూత్రాన్ని ఎవరైనా రుజువు చేసుకోవచ్చు. నేడు మన ‘సంప్రదాయ’ వంటకు ప్రాణమైన మిరపకాయ సైతం అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిందే గదా! వెనుకనే వచ్చిన టమాటా, ఆలుగడ్డలకు మాత్రం అనేక శిష్టకుటుంబాల తద్దినపు వంటలో ఇప్పటికీ ప్రవేశం లేదు. మిరపకాయను మన్నించి ఆలుగడ్డను ఆపివేసిన ఆ నియమంలో శరీరశాస్త్రం ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

ఇక జొన్న సంగతి చూద్దాం. తెలంగాణ మెట్ట పల్లెల్లో కష్టజీవుల తిండి జొన్నరొట్టె, గట్క, అంబలి. వరి చెరువు కింద పండేది. పండిన వడ్లు దొర గడీకీ, సర్కారు లెవీకీ పోయేవి. పండించినవాడికి అన్నం పండుగనాటి మాట. 1940ల్లో నిజాం ప్రభుత్వం సాగించిన నిర్బంధ ధాన్యం వసూళ్ళు 1946–51 సాయుధ పోరాటానికి దారితీసిన బాధల్లో ఒకటి. తర్వాత 1960ల్లో పి.ఎల్. 480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు, మైలో అనే ఎర్రజొన్న దేశంలోకి దిగాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇవ్వడంతో పేదవాడి పళ్ళెంలో అన్నం నిత్యమయింది. ఇది నిస్సందేహంగా జనం సాధించుకున్న మేలు. కాని దానితోపాటు ఒక చిత్రం జరిగింది. ఏ ఇంట్లో తాతలు జొన్న తిని నాగలి పట్టారో ఆ ఇంటి మనుమలకు ‘జొన్నరొట్టె పడదు, అరగదు’ అన్నారు. అదే సమయాన చక్కెర వ్యాధి వచ్చిన బంగళావాసికి వైద్యుడు జొన్నరొట్టె రాసిచ్చాడు. సాయంత్రం వేళ సికింద్రాబాదు వీధి మలుపుల్లో రొట్టెలు కొట్టి అమ్మే ఆడవాళ్ళ దగ్గర ఇప్పుడు మోటారు కార్లు ఆగుతున్నాయి. ధాన్యం మారలేదు, దాన్ని తినేవాడి హోదా మారింది, దానితోపాటు అరుగుదల కూడా మారింది!

అలాగని జొన్న శరీరానికి ఎన్నడూ పడకుండా పోలేదా? పోయింది. ఈ చరిత్ర మా లాలాగూడ పక్కనే వున్న తార్నాకతో ముడిపడి వుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. దానికే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. దక్కనులో జొన్న తినే పేదల్లో కనిపించే పెల్లాగ్రా వ్యాధిని గురించి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో తమ పరిశోధన ప్రకటించారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొరలు కడుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చలిస్తుంది. జొన్నలో లూసిన్ అనే అంశం ఎక్కువగా వుండడం దీనికి కారణం కావచ్చునని వారు ప్రతిపాదించారు. దాని మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. మనకు కావలసిన విషయం వేరు. జొన్నతోబాటు పప్పు, పాలు, మాంసం తినగలిగిన వాడికి జొన్న ‘పడింది’. పూటపూటకూ జొన్న తప్ప మరొకటి దొరకని కూలీకి ‘పడలేదు’. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీద బతికిన పేదల్లో ఇదే వ్యాధిని 1914 నుంచి పరిశీలించిన జోసెఫ్ గోల్డ్‌బర్గర్, అది అంటువ్యాధి కాదనీ తిండి లేమి వల్ల వచ్చిందనీ రుజువు చేశాడు. అక్కడి పెద్దమనుషులకు ఆ మాట రుచించలేదు. రోగానికి క్రిమి కారణమైతే ఎవరికీ బాధ్యత లేదు. జీతం కారణమైతే యజమాని జవాబు చెప్పాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. మా అమ్మ నల్లగొండ జిల్లా పల్లె నుంచి కాపురానికి వచ్చింది. చిలకలగూడలో ఒక పెద్ద ఇంటి వెనుక భాగంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మొదటి నెలలోనే అమ్మ ఎండు చేపలు వేయించింది. ఆ సాయంత్రమే ఇంటి యజమానురాలు వచ్చి చాలా మర్యాదగా, “వాసన మాకు పడదమ్మా, మీరే ఆలోచించుకోండి” అన్నది. మేం ఆలోచించుకున్నాం. మళ్ళీ మా పొయ్యి మీద ఎండు చేప, బోటి, తలకాయ కూర ఎక్కలేదు. ఊరి నుంచి మేనమామ సంచిలో తెచ్చిన ఎండు రొయ్యల్ని అమ్మ తిప్పి పంపింది. “నాకు పడుతలేవు అన్నా, కడుపు తిప్పుతది” అని చెప్పింది. ఆ మాట ఆమె అబద్ధంగా అనలేదు. కొన్నేళ్ళకు నిజంగానే ఆ వాసనకు ఆమెకు కడుపు తిప్పడం మొదలుపెట్టింది. అద్దె చీటీ మీద రాయని షరతు ఆమె పేగుల్లో రాసుకుపోయింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత మౌలాలీ వైపు సొంత ఇల్లు కట్టుకున్నాం. మా అమ్మ రోగం వారం రోజుల్లో నయమైంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఒకప్పుడు మన పట్టణాల్లో ‘బ్రాహ్మణ భోజన హోటలు’ అనే బోర్డులు బహిరంగంగా వేలాడేవి. రైల్వే స్టేషన్లలో హిందువుకొక కుండ, ముస్లిముకొక కుండ వుండేవి. ఆ బోర్డులు పోయాయి. వాటి స్థానంలో ‘శాకాహారులకు మాత్రమే’ అనే అద్దె బోర్డులు వచ్చాయి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. మిగిలిన ఒకరిద్దరి రుచి నగరంలో సభ్యతకు కొలబద్ద కావడం సంఖ్యాబలం వల్ల జరగలేదు. ఇళ్ళు ఎవరివి, కొలువులు ఎవరివి అనే ప్రశ్నలోనే దానికి జవాబు వుంది. కింది కులాల వాళ్ళు పైకి రావాలంటే మొదట తమ తిండిని వదులుకోవలసిరావడాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో ‘సంస్కృతీకరణ’లో భాగంగా వర్ణించాడు. గోమాంస భక్షణకూ అంటరానితనానికీ వున్న సంబంధాన్ని అంబేద్కర్ 1948లో చరిత్ర దృష్టితో విచారించాడు. మన హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమ నిర్మాత భాగ్యరెడ్డి వర్మ అంతటి ధీరుడు సైతం జంతుబలికీ మాంసాహారానికీ వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. దాన్ని లొంగుబాటుగా కొట్టివేయడం న్యాయం కాదు. గౌరవం కోసం ఆ తరం చెల్లించవలసివచ్చిన మూల్యంగా దాన్ని అర్థం చేసుకోవాలి. ఆ మూల్యం మేం చెల్లించమని తర్వాతి తరం చెప్పింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు గోమాంస పండుగ జరిపినప్పుడు చెలరేగిన హింసలో వ్యక్తమైంది రుచిభేదం కాదు, అధికారభేదం. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1972లో, నాస్తికవాది గోరా విజయవాడలో గోమాంస, పందిమాంస సహపంక్తి భోజనం ఏర్పాటుచేసి, పక్కవాడి తిండిని చూసి ఏవగించుకునే అలవాటును సవాలు చేశాడు.

ఇంటిలోపల కూడా ఇదే అధికారం చిన్న రూపంలో నడుస్తున్నది. మగవాడి ‘పడదు’ వంటింటికి శాసనం. ఆఖరున గిన్నె తుడిచి తినే ఆడదానికి పడేదీ పడనిదీ వుందని ఎవరికీ తోచదు. ఆమెకు ఏం తినాలని వుందో ఇంటిల్లిపాదీ అడిగే కాలం ఒక్క వేవిళ్ళ కాలమే. అది కూడా కడుపులోని బిడ్డ తరఫున అడగడమే. కాన్పు కాగానే ఆ అడగడం ఆగిపోయి పథ్యం మొదలవుతుంది. ఇది వాతం, అది శీతం అంటూ పళ్ళూ కూరలూ ఆఖరికి మంచినీళ్ళ మీద కూడా ఆంక్ష పెడతారు. పాలివ్వవలసిన తల్లికి బలమైన తిండి అత్యవసరమైన వారాల్లోనే ‘పడదు’ అనే మాట ఆమె మీద నిర్దయగా పనిచేస్తుంది.

మరి నిజంగా పడకపోవడం లేదా? వుంది. ఒకసారి హాని చేయని పదార్థం రెండవసారి ప్రాణం మీదికి తేగలదని 1902లో ఫ్రాన్సులో రిషే, పోర్టియే కనుక్కున్నారు. 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అనే మాట సృష్టించాడు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి, నిరపాయమైన ఆహారాన్ని శత్రువుగా భ్రమించి విరుచుకుపడడమే అలర్జీ. పాలు అరగకపోవడం వేరు. పాలలోని చక్కెరను విడగొట్టే రసం పెద్దయ్యాక అనేకమందికి తగ్గిపోతుంది. అటువంటివారికి కూడా పెరుగు, మజ్జిగ సాధారణంగా యిబ్బంది పెట్టవు. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద జరిపి 2016లో ప్రకటించిన పరిశోధనలో, రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి స్పందన కనిపించినవాళ్ళు నూటికి 26 మంది. లక్షణాలతో సహా అలర్జీ వున్నదని చెప్పదగినవాళ్ళు నూటికి ఒకరు. ఆ ఒక్కరి సంగతే మనం మరవరాదు.

మా చెల్లెలి కొడుకు ఆ ఒక్కడు. రొయ్యలు తింటే పెదవులు దురద పెడతాయని వాడు ఏడేళ్ళ వయసులో రెండుసార్లు చెప్పాడు. ఇంట్లో ఎవరమూ పట్టించుకోలేదు. ఎండు రొయ్యలు ‘పడకపోవడం’ అంటే ఏమిటో మా అమ్మ ద్వారా మాకు బాగా తెలుసునని మా ధీమా! మూడవసారి “ఒక్కటి తింటే ఏమైతది బిడ్డా” అని నేనే బతిమాలి తినిపించాను. పావుగంటలో వాడి ముఖం ఉబ్బింది, ఊపిరి ఈలవేసింది. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. ఒక సూదిమందు వాణ్ణి బతికించింది. జీవితమంతా చరిత్ర పాఠం చెప్పిన నాకు, ఒక నిరాకరణ చరిత్ర వల్ల వచ్చిందా, శరీరం వల్ల వచ్చిందా అని అడగాలన్న ఆలోచనే రాలేదు. మా అమ్మది చరిత్ర, వాడిది శరీరం. రెంటికీ నేను ఒకే మాట వాడాను.

కాబట్టి అభ్యుదయవాదులు ‘అన్నీ తినాలి’ అని కొత్త శాసనం చేయవలసిన పని లేదు. తినను అనే స్వేచ్ఛ కూడా స్వేచ్ఛే. ‘పడదు’ అని వినిపించిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయడం మన పని. పడనిది ఎవరికి? ఆ మాట అన్నది ఎవరు? దానివల్ల పస్తు వుండేది ఎవరు? మూడింటికీ జవాబు ఒకే మనిషి అయితే అది ఆ మనిషి రుచి, లేదా ఆ మనిషి రోగం. రుచి అయితే గౌరవించాలి, రోగమైతే వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. ముగ్గురూ వేరువేరు మనుషులైతే అది వంటింటి విషయం కానే కాదు. అక్కడ పోరాటం అవసరమవుతుంది.