పట్టా ఇచ్చేదెవరు, నమ్మేదెవరు

2024 జనవరి 31న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలికీ ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థకూ మధ్య ఒప్పందం కుదిరింది. 2025 జూన్‌లో ప్రభుత్వ పాఠశాలల ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతికి విస్తరిస్తూ, 2037 నాటికి పన్నెండో తరగతికి చేరాలన్నది నాటి ప్రభుత్వ సంకల్పం. దానిపై జరిగిన వాదోపవాదాలన్నీ ఇంగ్లీషు మాధ్యమం, ఖర్చు, ఉపాధ్యాయుల సన్నద్ధత చుట్టూనే తిరిగాయి. ఆ సంస్థ మార్కులు ఎలా వేస్తుంది, ఎవరిని ఉత్తీర్ణులుగా ప్రకటిస్తుంది, ఆ ప్రకటనకు విలువ ఎక్కడినుంచి వస్తుంది అన్న ప్రశ్నలు దాదాపు ఎవరూ వేయలేదు. ఐబీ చరిత్ర అంతా నిజానికి ఆ ప్రశ్నల చరిత్రే.

నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో ఒక అంతర్జాతీయ పాఠశాల వెలిసింది. పిల్లలంతా ఒకే ప్రాంగణంలో చదివేవారు కానీ, చివరి ఏళ్లలో దేశాలవారీగా విడిపోక తప్పేది కాదు. ఫ్రాన్సుకు వెళ్లాల్సినవాడు బాకలారియా పరీక్షకు, ఇంగ్లాండుకు వెళ్లాల్సినవాడు జీసీఈకి, స్విట్జర్లాండులోనే ఉండదలచినవాడు మట్యూరిటేకి, అమెరికా వెళ్లేవాడు కాలేజ్ బోర్డు పరీక్షకు సిద్ధం కావాలి. ప్రపంచ శాంతి పాఠాలు కలిసి విన్న పిల్లలు మార్కుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ తమ తమ జాతీయ జెండాల కిందికి చేరేవారన్నమాట. ఒక దేశం పట్టాను మరో దేశపు విశ్వవిద్యాలయం నమ్మకపోవడమే దీనికి కారణం.

నమ్మకానికి ఒక్కో దేశం ఒక్కో కొలత పెట్టుకుంది. ఫ్రాన్సులో 1808లో నెపోలియన్ స్థిరపరచిన బాకలారియా రాజ్యం నిర్వహించే పరీక్ష. నేటికీ 20కి 10 తెచ్చుకుంటే గట్టెక్కినట్టే. అమెరికా దారి వేరు. ఆచార్యుల పింఛన్ల కోసం ఆండ్రూ కార్నెగీ 1905లో కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ పింఛను కావాలంటే, ఉన్నత పాఠశాలలో కనీసం 14 యూనిట్లు పూర్తిచేసినవారినే చేర్చుకోవాలని కళాశాలలకు షరతు పడింది. ఒక యూనిట్ అంటే ఒక సబ్జెక్టులో ఏడాదికి సుమారు 120 గంటల బోధన. అధ్యాపకుల వృద్ధాప్య భద్రత కోసం పుట్టిన ఈ లెక్కే తరవాత అమెరికన్ పాఠశాలల క్రెడిట్ పద్ధతికి పునాది అయింది. ఒకచోట పరీక్ష రుజువు, మరొకచోట తరగతిలో గడిపిన కాలం రుజువు. ఈ రెంటినీ ఒక పట్టాలో ఇమడ్చడం చిన్న పని కాదు.

1962లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ పాఠశాలల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో ఉమ్మడి పరీక్ష ఆలోచన రూపు దిద్దుకుంది. ఫోర్డ్ ఫౌండేషన్ తదితర సంస్థల నిధులతో 1968లో ఐబీ సంస్థ స్విస్ చట్టం కింద ఏర్పడింది. తొలి డైరెక్టర్ జనరల్ అలెక్ పీటర్సన్ ఆక్స్‌ఫర్డ్ విద్యాశాఖ నుంచి వచ్చినవాడు. ఇంగ్లీషు పిల్లలు పదహారేళ్లకే రెండు మూడు సబ్జెక్టులకు కుదించుకుపోవడాన్ని తీవ్రంగా విమర్శించినవాడు. ఆరు సబ్జెక్టులు, అందులో సాధారణంగా మూడు ఉన్నత స్థాయిలో, మూడు ప్రామాణిక స్థాయిలో అన్న అమరిక బ్రిటిష్ లోతుకూ ఐరోపా విస్తృతికీ మధ్య కుదిరిన రాజీ.

ఉత్తీర్ణత నిబంధనల్లోనూ ఆ రాజీ ముద్ర కనిపిస్తుంది. ఒక్కో సబ్జెక్టుకు 1 నుంచి 7 వరకు గ్రేడ్లు. ఆరింటికి 42 పాయింట్లు. నాలుగు వేల పదాల పరిశోధన వ్యాసానికీ, జ్ఞాన మీమాంస పాఠానికీ కలిపి మరో 3. మొత్తం 45లో 24 రావాలి. నూటికి 35 అన్న గీతకు అలవాటుపడిన తెలుగు తల్లిదండ్రులకు ఇది సులువుగా తోచవచ్చు. కానీ మొత్తం సరిపోయినా పట్టా చేజారే దారులు చాలా ఉన్నాయి. ఏ ఒక్క సబ్జెక్టులో 1 వచ్చినా, ఉన్నత స్థాయి మూడింటిలో కలిపి 12 రాకపోయినా, వ్యాసంలో అట్టడుగు గ్రేడు వచ్చినా, పద్దెనిమిది నెలల సేవా, క్రీడా, సృజన కార్యక్రమాలు పూర్తికాకపోయినా పట్టా లేదు. ఇంకో సంగతి. 7 గ్రేడుకు ఇంత శాతం మార్కులని శాశ్వత హద్దు లేదు. మూల్యాంకనం ముగిశాక ప్రతి విడతకూ ప్రధాన పరీక్షకులు ప్రశ్నపత్రం కష్టసుఖాలు చూసి ఆ హద్దును నిర్ణయిస్తారు. అయితే ఫలానా వాటా మందికే 7 అన్న కోటా మాత్రం లేదు. మన సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో ఏ1 గ్రేడు ఉత్తీర్ణుల్లో పై ఎనిమిదో వంతుకు దక్కుతూ వచ్చింది. పిల్లవాడి ప్రతిభను ప్రమాణంతో కొలవాలా, పక్కవాడితో కొలవాలా అన్నది పైకి సాంకేతిక విషయంలా కనిపించే రాజకీయ ప్రశ్న.

భారతదేశంలో ఐబీ 1976లో కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలుతో అడుగుపెట్టింది. దక్షిణాదిన పనిచేసే అమెరికన్ మిషనరీల పిల్లల కోసం 1901లో మొదలైన పాఠశాల అది. తరవాత భారత విశ్వవిద్యాలయాల సంఘం ఈ డిప్లొమాను ప్లస్ టూకు సమానంగా గుర్తించింది. గుర్తింపు దొరికినా ఇబ్బంది పోలేదు. 45లో 36 అంటే 80 శాతమా? లెక్క ప్రకారం అంతే, విలువ ప్రకారం కాదు. పైగా మే పరీక్షల ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి. అప్పటికే ఇక్కడ ప్రవేశాల హడావుడి నడుస్తుంటుంది. సొంత దేశంలోనే విదేశీ పట్టాతో నిలబడిన విద్యార్థికి పరదేశపు తలుపులే తొందరగా తెరుచుకునేవి.

ఈ నమ్మకానికి అసలు పరీక్ష 2020లో ఎదురైంది. కరోనాతో మే పరీక్షలు రద్దయ్యాయి. కోర్స్‌వర్కు మార్కులు, ఉపాధ్యాయులు వేసిన అంచనా గ్రేడ్లు, గతంలో ఆ పాఠశాల ఫలితాల తీరు కలిపి ఒక సూత్రంతో సంస్థ తుది గ్రేడ్లు ఖరారు చేసింది. జులైలో ఫలితాలు రాగానే అనేక దేశాల విద్యార్థులు భగ్గుమన్నారు. ప్రపంచ సగటు నిజానికి కొద్దిగా పెరిగింది. కానీ సగటు ఎవరినీ విశ్వవిద్యాలయంలో చేర్పించదు. తాను రాయని పరీక్షలో, తనకంటే ముందు చదివినవారి మార్కుల వల్ల తన గ్రేడు తగ్గడమేమిటన్నది పిల్లల ప్రశ్న. నార్వే సమాచార రక్షణ అధికార సంస్థ ఈ గ్రేడ్లు న్యాయసమ్మతం కావని, సరిదిద్దాలని నోటీసు ఇచ్చింది. ఆగస్టు 17న ఐబీ కోర్స్‌వర్కుకు ప్రాధాన్యం పెంచి గ్రేడ్లను సవరించింది. అదే రోజు ఇంగ్లాండులోనూ ఏ లెవెల్ సూత్రాన్ని వదిలి ఉపాధ్యాయుల అంచనాలకే ప్రభుత్వం తలొగ్గింది.

ఏడాది తిరిగేసరికి భారతదేశం వంతు వచ్చింది. 2021లో సీబీఎస్ఈ పది, పదకొండు, పన్నెండు తరగతులకు 30, 30, 40 శాతం వాటాలతో ఫలితాలిచ్చింది. పాఠశాల వేసే మార్కులు గత మూడేళ్లలో తన ఉత్తమ ఫలితాల హద్దులో ఉండాలన్నది అందులోని షరతు. సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. పరీక్షలు పెట్టి తీరతామన్న ఆంధ్రప్రదేశ్‌ను, ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం దాకా వెళ్లవచ్చని అదే న్యాయస్థానం జూన్‌లో హెచ్చరించడంతో ఆ రాష్ట్రమూ ఇంటర్ పరీక్షలు మానుకుంది. జెనీవా సూత్రంపై ప్రపంచమంతా లేచినంత గొంతుతో ఇక్కడి పాఠశాల చరిత్ర షరతుపై చర్చ సాగలేదు. మెరుగుపడుతున్న బడిలో చదివిన మొదటి మంచి తరానికి ఆ షరతు ఏం చేసిందో లెక్క తీసినవారూ తక్కువే.

2024 ఎన్నికల తరవాత ప్రభుత్వం మారింది. ఐబీ ప్రయత్నం ముందుకు సాగలేదు. ఆ సెప్టెంబరులోనే వెయ్యి ప్రభుత్వ పాఠశాలలను సీబీఎస్ఈ నుంచి తిరిగి రాష్ట్ర బోర్డుకు మార్చారు. నిర్ణయం వెలువడే నాటికి ఆ బడుల పదో తరగతి పిల్లలు కొత్త విద్యాసంవత్సరంలో మూడు నెలలు గడిపేశారు.