దొంగ రూపాయి ఎవరిది?

చేతిలో చిల్లిగవ్వ లేదంటూ ఉంటాం గదా! చిల్లిగవ్వ మాట అటుంచండి, నిండు గవ్వ కూడా నాణెం కాదని చట్టమే చెప్పింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 230వ సెక్షను కింద ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ గవ్వలదే. ముద్రలేని రాగి ముక్కలదీ అదే గతి, జనం వాటిని డబ్బుగా వాడుకున్నా సరే. లోహంమీద సర్కారు ముద్ర పడాలి. ముద్ర ఉందంటే దాన్ని దొంగతనంగా వేసేవాడూ ఉంటాడన్నమాటే.

అన్నట్టు, డబ్బు అన్నది కూడా వెనకటికి మన ఉత్తర సర్కారుల్లో ఒక రాగి నాణెం పేరు. విశాఖపట్నం ఆ సర్కారుల్లోదే. 1794లో కంపెనీవారు ఈ సర్కారుల వాడకానికని కొత్త రాగి నాణేలు కొట్టించారు. ఎక్కడనుకున్నారు? బర్మింగ్‌హాములో! మాథ్యూ బౌల్టన్ అనే ఆయన సోహో టంకశాలలో, ఆవిరి యంత్రంమీద. రూపాయికి 48 అని వాటిమీద ఇంగ్లీషులో ముద్ర. సమ్మెటతో కొట్టిన నాణెం ఒకటున్నట్టు ఒకటుండదు. అంచు వంకర, బొమ్మ ఓ పక్కకి. అలాంటిదాన్ని పెరట్లో కొలిమి ఉన్న ఎవడైనా కొట్టేస్తాడు. యంత్రంలోంచి వచ్చినవి అచ్చుగుద్దినట్టు ఉంటాయి గనక దొంగలకి సాధ్యం కాదని బౌల్టన్ నమ్మకం. తమాషా ఏమిటంటే, దొంగ నాణేలకి ఇంగ్లండులో అంతకుముందు నించీ పేరుమోసిన ఊరు ఆ బర్మింగ్‌హామే. ఊరి పేరు వంకరపోయి నకిలీ సరుక్కి మారుపేరైంది కూడా. దొంగలున్న చోటే మంచి తాళాలు తయారవుతాయి కాబోలు.

శిక్షల సంగతి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1789లో లండనులో కేథరిన్ మర్ఫీ అనే ఆవిడని ఈ నేరానికి కొయ్యకి కట్టి కాల్చారు, ముందు ఉరి బిగించిన తరవాతే అనుకోండి. అక్కడది రాజద్రోహం. మన కౌటిల్యుడు ఇంకా లోతుగా ఆలోచించాడు. లోహాలూ క్షారాలూ బొగ్గులూ పటకార్లూ మూసలూ మాటిమాటికీ కొనేవాడిమీద, బట్టలకి మసీ పొగా అంటినవాడిమీద ఓ కన్నెయ్యమన్నాడు. గూఢచారిని వాడి దగ్గర శిష్యుడిగా చేర్పించి గుట్టు లాగమన్నాడు. దొంగ నాణెం చేయించినవాడికీ, పుచ్చుకున్నవాడికీ, చెలామణీ చేసినవాడికీ తలా వెయ్యి పణాల జరిమానా. ఖజానాలో కలిపితే చావే.

పుచ్చుకున్నవాడికీ అన్నాడు చూశారా, నా మనసు అక్కడే ఆగిపోయింది. తెలియక పుచ్చుకున్నవాడి మాటేమిటి?

పీనల్ కోడు 241వ సెక్షను కింద దీనిమీద ఓ చిన్న కథే ఉంది. ఒకడు దొంగ రూపాయలు కొట్టి తన తోడుదొంగకి ఇచ్చాడు. ఆ రెండోవాడు మూడోవాడికి అమ్మాడు. మూడోవాడు అన్నీ తెలిసే వాటితో సరుకు కొన్నాడు. సరుకిచ్చిన నాలుగోవాడికి ఏమీ తెలీదు. తీరా తెలిశాక పాపం ఏం చేస్తాడు? మెల్లిగా ఇంకొకరికి అంటగట్టాడు. పైవాళ్లకి పదేళ్లదాకా శిక్ష పడచ్చు. ఈ నాలుగోవాడికి మాత్రం రెండేళ్లు మించకూడదు, లేదా ఆ సొమ్ముకి పదిరెట్లు మించని జరిమానా, లేదా రెండూనూ. చట్టం రాసినవాళ్లకి బజారు తెలుసుననిపిస్తుంది.

నోట్ల సంగతి 1899లోగాని పీనల్ కోడులోకి ఎక్కలేదు. దానికి ఈ దయ లేదు, తెలిసి ఇస్తే యావజ్జీవం దాకా పోవచ్చు. ఇప్పుడు దొంగలూ రైళ్లెక్కారు. 2018 మార్చి 31న హౌరానించి హైదరాబాదు పోయే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో, మన విశాఖపట్నం స్టేషనులో 10 లక్షల 20 వేల రూపాయల దొంగనోట్లు పట్టుబడ్డాయి. అన్నీ రెండువేలవే, అంటే 510 కాగితాలు. ఒక చేతిసంచీ కూడా నిండదు! కేసు జాతీయ దర్యాప్తు సంస్థ దాకా వెళ్లింది. అచ్చం అసలులాంటి దొంగనోట్లతో దేశం ఆర్థిక స్థితిని దెబ్బతీయడం 2013 నించి ఉగ్రవాదం కిందే లెక్క మరి.

2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత నాణేన్నీ స్టాంపునీ నోటునీ ఒకే గాటన కట్టింది. మన నాలుగోవాడికి అందులో విడిగా సెక్షను లేదు. తెలిసి ఇంకొకరికిస్తే 179 కింద అతనూ పెద్ద దొంగల వరసలోనే నిలబడాలి. న్యాయమైన దారిలో తన చేతికొచ్చిందని రుజువు చేసుకుంటే మాత్రం దగ్గరుండటం నేరం కాదని 180లో ఒక వివరణ ఉంది.

మొన్న పూర్ణా మార్కెట్లో చేపలమ్మే ఆవిడ నేనిచ్చిన అయిదువందల నోటుని తడిచేత్తోనే ఎత్తి ఎండకి పట్టి చూసింది. "ఏమనుకోకు బాబూ, ఇది గానీ పోతే ఈరోజు బేరం పోయినట్టే" అంది. ఏమనుకుంటాను? ఆవిడ లెక్క సరైనదే. దొంగనోటని తెలిశాక ఇంకొకరికి ఇవ్వకూడదు. బ్యాంకుకి తీసుకెళితే దానిమీద నకిలీ అని ముద్ర కొట్టి ఉంచేసుకుంటారు. ఒకేసారి నాలుగు నోట్లదాకా అయితే నెలాఖరున పోలీసులకి ఒక నివేదిక, అయిదైతే కేసు. బదులు సొమ్ము పైసా ఇవ్వరు. రసీదు మాత్రం ఇస్తారు.