వాతల నుంచి సూదుల దాకా: కుందేలు నొప్పికి వైద్యం

కడప జిల్లా పల్లెల్లో ఎద్దు కుంటితే ఒకప్పుడు ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, నిప్పు. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి వాపున్న చోట వాతలు పెట్టేవాళ్లు. పెద్ద నొప్పి పుట్టించి పాత నొప్పిని మరిపించడమే అందులోని కిటుకు. మనుషుల కోసం ఆ జిల్లాలోని జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్దం చివరి దశకంలోనే వైద్యం మొదలుపెట్టింది. పశువుల డాక్టర్లను తయారుచేసే కాలేజీ మాత్రం మద్రాసులో 1903లో వచ్చింది. ఆంధ్రలో మొదటిది 1955లో బాపట్లలో తెరిచి, తర్వాత తిరుపతికి మార్చారు.

చైనా వాళ్లు అదే నొప్పికి వేరే దారి పట్టారు. అక్కడ పశువుల సూదివైద్యం (ఆక్యుపంక్చర్) మొదట్లో గుర్రాలకూ, ఎడ్లకూ, ఒంటెలకూ పరిమితం. యుద్ధానికీ వ్యవసాయానికీ అవే ఆధారం కదా! యూ బెన్‌యువాన్, యూ బెన్‌హెంగ్ అనే అన్నదమ్ములు 1608లో వెలువరించిన గుర్రాల వైద్యగ్రంథం ఈ విద్యకు పెద్దదిక్కు. అందులో కుందేలుకు చోటు లేదు. బరువు మోయని, పొలం దున్నని జంతువుకు నొప్పి తగ్గించాలన్న ఆలోచన అందులో కనిపించదు.

చిత్రమేమిటంటే, సూదివైద్యానికి సైన్సు సాక్ష్యం ఇచ్చింది ఆ కుందేలే. 1970ల మొదట్లో బీజింగ్ వైద్య కళాశాలలో హాన్ జీషెంగ్ బృందం కుందేళ్ల వెనక కాలి మడమ దగ్గరి ఆక్యుపంక్చర్ బిందువును వేళ్లతో నొక్కి ప్రేరేపించింది. వాటికి నొప్పిని తట్టుకునే శక్తి పెరిగింది. తర్వాత వాటి మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, ఏ చికిత్సా పొందని కుందేళ్ల మెదడులోకి ఎక్కించారు. వీటికీ నొప్పి తగ్గింది! అంటే ఏదో రసాయనం విడుదలవుతోందన్నమాట. 1975లో స్కాట్లండులో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ మెదడులో సహజంగా తయారయ్యే నొప్పి నివారిణులను కనిపెట్టాక ఆ ముడి కొంత విడింది.

ఈలోగా 1974లో అమెరికాలో అంతర్జాతీయ పశు ఆక్యుపంక్చర్ సంఘం పుట్టింది. భారతదేశానికి సూదివైద్యాన్ని తెచ్చింది డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో కలిసి చైనా వెళ్లిన వైద్య బృందంలో ఆయన ఒకరు. 1959లో కలకత్తాలో మనుషులకు ఆ వైద్యం ప్రారంభించారు.

ఇంత జరిగినా కుందేలు నొప్పిని కనిపెట్టడం అలాగే కష్టంగా ఉండిపోయింది. వేటాడే జంతువుల కంటపడకుండా బతకాల్సిన ప్రాణి గనుక అది మూలగదు, నొప్పిని దాచుకుంటుంది. 2012లో పరిశోధకులు దాని ముఖాన్నే కొలబద్ద చేశారు. కళ్లు సగం మూసుకోవడం, బుగ్గలు లోపలికి పోవడం, ముక్కు ఆకారం, మీసాలు, చెవులు ఉన్న తీరు... ఈ ఐదింటినీ చూసి నొప్పికి మార్కులు వేస్తారు.

కుందేలుకు సూదుల చికిత్స చూడటానికి సాదాగానే ఉంటుంది. కుందేలును తువ్వాలులో చుట్టి, వెనక కాళ్ల కింద చెయ్యి ఆనించి పట్టుకుంటారు. భయపడి గట్టిగా తన్నుకుంటే దాని నడుమే విరగొచ్చు. వెంట్రుకంత సన్నటి సూదులను వెన్ను పక్కనా, మోకాలి దగ్గరా గుచ్చి కొద్దిసేపు ఉంచుతారు. వయసు మళ్లిన కుందేళ్లలో కీళ్లు, వెన్ను నొప్పులకు దీన్ని ఎక్కువగా వాడతారు. అయితే పెంపుడు కుందేళ్ల మీద పెద్ద పరీక్షలు తక్కువే జరిగాయి. అందుకే మందుకు తోడుగానే తప్ప, మందుకు బదులుగా దీన్ని వాడటం సబబు కాదు. ప్రధానమైన మందు మెలాక్సికామ్. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించినప్పుడు, దాని స్థానంలోకి వచ్చిన మందే ఇది.

కడప జిల్లా కూడా ఈ వందేళ్లలో చాలా దూరం వచ్చింది. ప్రొద్దుటూరులో 2008 నుంచి పశువైద్య కళాశాల నడుస్తోంది. పులివెందులలో పశు పరిశోధనల కోసం ప్రత్యేక కేంద్రం కట్టారు. జమ్మలమడుగు నుంచి కుందేలును బుట్టలో పెట్టుకుని బయల్దేరినా ప్రొద్దుటూరు ఎంతో దూరం కాదు.

మీ కుందేలు సగం రోజు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ప్రాణం మీదికి వచ్చినట్టే లెక్క. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర వేయకండి, ముందు పశువైద్యుడికి చూపించండి. సూదుల సంగతి, శిక్షణ పొందిన డాక్టరు ఉంటే, ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.