డుంగలా ఒడ్డున నా గురువులు

పుల్లలచెరువులో పుట్టి, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని షెపర్టన్‌లో స్థిరపడ్డవాణ్ని. ఆసుపత్రిలో నర్సుగా పనిచేశాను. తీరిక దొరికినప్పుడల్లా ఒంటరి ముసలివాళ్లకు భోజనం అందించడం, డయాలసిస్ అవసరమైనవాళ్లను కారులో తీసుకెళ్లి తీసుకురావడం, పిల్లలకు చదువు చెప్పడం చేస్తూ వచ్చాను. ఊళ్లో మావాళ్లు దీన్ని నా గొప్పగా చెప్పుకుంటున్నారు. కానీ నాకు సేవ నేర్పింది ఈ నేలకు తొలి హక్కుదారులైన యోర్టా యోర్టా పెద్దలు. వాళ్లెవరో, వాళ్లు ఏం అనుభవించారో మన ఊళ్లో తెలియాలనే ఇది రాస్తున్నాను.

బ్రిటిష్ వాళ్లు సిడ్నీలో జెండా పాతింది 1788 జనవరి 26న. అప్పటికే ఆదివాసులు ఈ ఖండంలో 50 వేల ఏళ్లకు పైగా బతుకుతున్నారు. వచ్చినవాళ్లు వాళ్లతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. ఎవరిదీ కాని భూమి అన్నట్టు పంచుకున్నారు. అది తప్పని దేశ అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్నది 1992 జూన్ 3న, టోరెస్ జలసంధి ద్వీపవాసి ఎడ్డీ మాబో పేరు మీద నడిచిన కేసులో. గెలిచిన సంగతి వినడానికి మాబో లేడు. ఆ ఏడాది జనవరిలోనే చనిపోయాడు.

మా ప్రాంతంలో ముర్రే నదిని యోర్టా యోర్టా వాళ్లు డుంగలా అంటారు. ఆ నది ఒడ్డున, న్యూసౌత్‌వేల్స్ వైపు, కమ్మరగంజా అనే స్థావరం 1888లో ఏర్పడింది. దానికి ముందున్న మలోగా మిషన్ నుంచి జనం అక్కడికి తరలివచ్చారు. వాళ్లతోపాటే వచ్చాడు వాళ్ల బడిపంతులు థామస్ షాడ్రాక్ జేమ్స్. ఆయన 1859లో మారిషస్‌లో భారతీయ దంపతులకు పుట్టినవాడు. ఇక్కడికి వచ్చి దాదాపు నలభై ఏళ్లు ఆ పిల్లలకు చదువు చెప్పాడు. పగలు పిల్లలకు, రాత్రిపూట పెద్దలకు. యోర్టా యోర్టా ఆడపడుచు ఏడా కూపర్‌ను పెళ్లాడి ఆ కుటుంబంలో కలిసిపోయాడు.

మన నల్లమల చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని చెంచుల అల్లుడయ్యాడని, శ్రీశైలం మల్లన్న చెంచు మల్లయ్య అని వింటూ పెరిగాం కదా. అడవి మనుషుల ఇంటికి అల్లుడుగా వెళ్లడం దేవుడికే గౌరవమైంది. జేమ్స్ మాస్టారి కథ విన్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మనలాంటివాడు ఇక్కడికి డబ్బు కోసమే కాదు, బంధువు కావడానికి కూడా రావచ్చునని.

ఆ బడిలో చదివినవాళ్లు ఈ దేశ చరిత్రను మలుపు తిప్పారు. ఏడా తోబుట్టువు విలియం కూపర్ అక్కడే చదువుకుని, పార్లమెంటులో ఆదివాసులకు ప్రతినిధి కావాలంటూ ఇంగ్లండు రాజుకు అర్జీ తయారుచేసి 1,814 సంతకాలు సేకరించాడు. ప్రభుత్వం దాన్ని రాజుకు పంపనే లేదు. అదే కూపర్, జర్మనీలో యూదుల ఇళ్లు, ప్రార్థనాలయాలు తగలబెట్టారని విని, 1938 డిసెంబరు 6న తనవాళ్లతో కలిసి మెల్‌బోర్న్‌లోని జర్మన్ కాన్సులేటుకు నిరసన పత్రం తీసుకెళ్లాడు. లోపలివాళ్లు తీసుకోలేదు. సొంత దేశంలో తనకే పూర్తి హక్కులు లేని ముసలాయన, సముద్రాల అవతలి పరాయివాళ్ల కోసం వీధిలోకి వచ్చాడు. సేవ అంటే నాకు గుర్తొచ్చేది ఆయనే.

అదే బడి పిల్లవాడు డగ్లస్ నికల్స్. ఫుట్‌బాల్ ఆటగాడై, పాస్టరై, 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరయ్యాడు. మార్గరెట్ టక్కర్ కూడా ఆ బడి పిల్లే. ఆదివాసీ పిల్లలను కోర్టు అనుమతి లేకుండానే తల్లుల నుంచి తీసుకుపోయే అధికారాన్ని 1915లో న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం ఆదివాసుల వ్యవహారాలు చూసే తన బోర్డుకిచ్చింది. మార్గరెట్‌ను అలాగే తీసుకుపోయి ఇంటిపని మనిషిగా మార్చారు. ఆమె పెద్దయ్యాక తన జీవితకథ రాసి ఆ సంగతి దేశానికి చెప్పింది. పిల్లలను లాక్కెళ్లినందుకు ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న.

కమ్మరగంజా జనం చెట్లు కొట్టి గోధుమ పండించిన భూములను బోర్డు లాక్కుంది. చాలీచాలని రేషను, రోగాలు, మేనేజరు దాష్టీకం. 1939 ఫిబ్రవరిలో సుమారు 200 మంది పిల్లాపాపలతో నది దాటి విక్టోరియా వైపు వచ్చేశారు. వాళ్లలో చాలా కుటుంబాలు షెపర్టన్, మూరూప్నా మధ్య వరద మైదానంలో గోనెపట్టాలు, రేకులు కప్పుకుని బతికాయి. ఇప్పుడు రుంబలారా అనే ఆదివాసీ సహకార సంస్థ వైద్యం, ఇళ్లు, వృద్ధుల సంరక్షణ చూసుకుంటోంది. దాన్ని నడుపుతున్నది ఆదివాసులే.

నాకు పని నేర్పిన పెద్దావిడ ఆ మైదానంలో పుట్టిన మనిషి. పేరు రాయడం ఆమెకు ఇష్టం ఉండదు. ఇక్కడ పెద్దవాళ్లనందరూ ఆంటీ, అంకుల్ అని పిలుస్తారు, నేనూ అంతే. ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చోమనేది. ఏం కావాలో వాళ్ల నోటితో వచ్చేదాకా ఆగమనేది. ఒకసారి వస్తానంటే తప్పకుండా రావాలని, రాలేని మాట ఇవ్వకూడదని చెప్పేది. సాయం తీసుకున్నవాళ్లు తిరిగి ఏదైనా పెడితే వద్దనకూడదని, తీసుకోవడం కూడా మర్యాదేనని నేర్పింది. నర్సింగ్ కాలేజీలో ఇవేవీ చెప్పలేదు.

2021లో కరోనా వల్ల దేశ సరిహద్దులు మూసి ఉన్నప్పుడు పుల్లలచెరువులో మా నాన్న చనిపోయాడు. కొడుకుగా నేను చేయాల్సినవి బాబాయి చేశాడు. ఇక్కడ మా ఇంటి పెరట్లో దూరదూరంగా కుర్చీలు వేసుకుని ఆంటీ, ఆమె కొడుకులు సాయంత్రం దాకా కూర్చున్నారు. నాన్న ఏ కొండల కింద పెరిగాడని అడిగారు. ఎండకాలం నీళ్లకోసం ఎంత దూరం నడిచేవాడని అడిగారు. ఆయనెవరో తెలుసుకుని ఆయన కోసం ఏడ్చారు. ఆ తర్వాత ఆంటీ నన్ను అందరికీ మేనల్లుడని పరిచయం చేయసాగింది. నాకు ఈ దేశంలో దక్కిన అన్నిటిలో పెద్ద గౌరవం అదే.

అంతా చక్కబడిందని మీరనుకోకండి. తమ భూమి హక్కు కోసం యోర్టా యోర్టా వాళ్లు వేసిన కేసును 1998లో జడ్జి కొట్టేశాడు. వాళ్ల ఆచారాల కొనసాగింపు చరిత్ర అలల్లో కొట్టుకుపోయిందన్నాడు. 2002లో పై కోర్టులోనూ ఓడిపోయారు. పార్లమెంటుకు సలహా చెప్పే ఆదివాసీ సభను రాజ్యాంగంలో చేర్చాలా అని 2023 అక్టోబరు 14న అడిగితే ఓటర్లలో 60 శాతం మంది వద్దన్నారు. మర్నాడూ పేదలకు భోజనం వండాలి కదా. ఆంటీ వాళ్లు వండారు. నేను పక్కన నిలబడి కూరగాయలు తరిగాను.

ఇప్పుడు మన సంగతి. యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు మండలాల చెంచు గూడేలు మనకు ఎంత దగ్గర! తేనె, చింతపండు తెచ్చిన చెంచు పెద్దాయనను నా చిన్నప్పుడు పదేళ్ల పిల్లలు కూడా పేరు పెట్టి పిలిచేవాళ్లు. అడవిలో ఏ వాగు ఎప్పుడు పారుతుందో, ఏ గడ్డ ఆకలి తీరుస్తుందో తెలిసిన మనిషి ఆయన. 2006 అటవీ హక్కుల చట్టం ఆయన పిల్లలకు తమ భూమి మీద హక్కునిచ్చింది. ఆ పట్టా అందని కుటుంబం మీకు తెలిస్తే వెంట వెళ్లి అర్జీ రాసిపెట్టండి. గూడెంలో బోరు వేయించాలన్నా, బడి పెట్టాలన్నా ముందు వాళ్లతో కూర్చుని ఎక్కడ, ఎలా కావాలో అడిగి, వాళ్లు చెప్పినట్టు చేయండి. వాళ్ల పెద్దలను అన్నా, పెద్దమ్మా అని పిలవండి.

యోర్టా యోర్టా పెద్దలు నాకు నేర్పిందంతా ఇదే. నేర్పినందుకు వాళ్లు నన్నేమీ అడగలేదు. మా ఊరివాళ్లు ఇది చేస్తే, నా గురుదక్షిణ ముట్టినట్టే.